పట్టము కలదు, పదవి యేది?

హనుమకొండనుండి కరీంనగరము పోవు బాటలో హసన్‌పర్తి యున్నది. ఒకనాటి పల్లె, నేడు వరంగల్లు మహానగరమునకు అంగమైనది. ఎర్రగట్టు గుట్ట దాపున ఇంజనీరింగు కళాశాల, అనంతసాగరమున విశ్వవిద్యాలయము వెలసినవి. విద్యాలయములకు కొదువ లేని చోటు. ఇచ్చటి యువతి యొకతె మానసికారోగ్య నర్సింగున ఎం.ఎస్‌సీ. చదువ సంకల్పించిన దనుకొందము. ఆమె నడువవలసిన దారి యెట్టిది? దారి చివర ఆమెకు దొరకున దేమి? ఈ రెండు ప్రశ్నలను విచారించినచో మన యారోగ్యవ్యవస్థలోని యొక పెద్దలోపము తానుగనే బయటపడును.

దారి సుదీర్ఘమైనది. ఇంటర్మీడియేటు పిదప 4 ఏండ్ల బి.ఎస్‌సీ. నర్సింగు ముగింపవలెను. 55 శాతమునకు తగ్గకుండ మార్కులు తెచ్చుకొనవలెను. కనీస మొక యేడు ఉద్యోగానుభవము సంపాదింపవలెను. ఆ మీదట 2 ఏండ్ల స్నాతకోత్తర విద్య. అందు వైద్య-శస్త్రచికిత్స, సామాజికారోగ్యము, శిశు ఆరోగ్యము, ప్రసూతి-స్త్రీ వ్యాధులు, మానసికారోగ్యము అను శాఖలు గలవు. చివరి శాఖ నెన్నుకొనినవారు మనోవ్యాధుల లక్షణములను, ఔషధముల గుణదోషములను, రోగితో సంభాషించు విధానమును, కుటుంబమునకు బోధించు పద్ధతిని నేర్చి, పరిశోధన చేసి వ్యాసము సమర్పించి పట్టము గైకొందురు. తెలంగాణమున ఈ విద్యలను పర్యవేక్షించు కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము వరంగల్లుననే యున్నది. ప్రజల గొడవను తన గొడవగా జేసికొన్న మహనీయుని పేర వెలసిన విద్యాపీఠ మది.

ఇక దారి చివర దొరకునది సామాన్యముగా అధ్యాపక పదవి. నర్సింగు కళాశాలలకు ఎం.ఎస్‌సీ. చదివిన ఉపాధ్యాయులు కావలెను. కావున పట్టము పొందినవారు తరగతి గదికి పోవుదురు. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగమునకు డిప్లొమాయో, బి.ఎస్‌సీ.యో చాలును. మనోవ్యాధుల వార్డున ఈ యున్నతవిద్య గలవారికి ప్రత్యేకస్థానము కల్పించు పద్ధతి మన ప్రభుత్వాసుపత్రులలో పాదుకొనలేదు. ఒకవేళ ఆమె ఆసుపత్రినే కోరి చేరినను, నేడు మనోవ్యాధుల వార్డు, మరికొన్నాళ్లకు ప్రసూతి వార్డు, ఆపైన శస్త్రచికిత్స వార్డు. రెండేండ్లు కష్టపడి నేర్చినదానిని మూటగట్టి అటక మీద పెట్టవలసినదే. పాఠము చెప్పువారు రోగిని చూడరు; రోగిని చూచువారికి ఆ పాఠము అందదు. అధ్యాపకవృత్తి తక్కువదని మా భావము కాదు. గురువులు లేనిదే విద్య లేదు. కాని విద్య యంతయు గురువులను తయారుచేయుటకే వ్యయమై, రోగి మంచము చెంతకు రానిచో, ఆ విద్య యెవరికొరకు?

“మనసు చెదరినవానికి కావలసినవి జాలియు, ఓర్పును, దానికింత చదువేల?” అని కొందరు అడుగవచ్చును. దీనికి ప్రత్యుత్తరము కొత్తగా వెదకనక్కరలేదు. చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకుని పాదము లోపించిన చికిత్స కుంటిదే యగును. ఆ పరిచారకునకు ఉండదగిన గుణములను సైతము నాలుగింటిని పేర్కొనెను: ఉపచారము నెరిగియుండుట, దక్షత, అనురాగము, శుచిత్వము. అనురాగము ఆ జాబితాలో లేకపోలేదు. అయినను మొట్టమొదట నిలిచినది ఉపచారజ్ఞానము. మన పూర్వులు విడదీయని జ్ఞానానురాగములను మనము విడదీసి, నర్సునకు అనురాగము చాలునని నిర్ణయించుట తగదు.

ఆ జ్ఞాన మెంతటి యవసరమో ఒకటి రెండుదాహరణములచే తెలియగలదు. ఉన్మాదము, విషాదము మార్చిమార్చి వచ్చు వ్యాధికి లిథియం అను మందు వాడుదురు. ఆ మందునకు మేలుచేయు మోతాదునకును, విషమగు మోతాదునకును నడుమ దూరము స్వల్పము. ఓరుగల్లు ఎండలలో కూలిపనికి పోయి చెమటలు క్రక్కి, నీరు చాలినంత త్రాగనివానికి రక్తములో ఆ మందు పెరిగిపోవును. చేతులు వణకును, వాంతులగును, మాట తడబడును, నడక తూలును. ఎండదెబ్బ యని ఇంటివారు తలంతురు; త్రాగి వచ్చినాడని ఇరుగుపొరుగు ననుకొందురు. నేర్చిన నర్సు అది మందువలని విషమని అనుమానించి, వైద్యునకు తెలిపి, వెంటనే రక్తపరీక్షకు పంపించును. క్లోజపిన్ అను మరియొక మందు వాడువారికి రక్తములోని తెల్లకణములు ప్రమాదకరముగా తగ్గిపోవచ్చును. వారికి వచ్చిన గొంతునొప్పిని, జ్వరమును సామాన్యముగా నెంచరాదు. ఇవి జాలివలన తెలియు సంగతులు కావు. వైద్యుడు ప్రొద్దున వచ్చి కొన్ని నిమిషములు చూచి పోవును. తక్కిన గంటలన్నియు రోగి నర్సు కన్నులయెదుటనే గడచును. ఆ కన్నులకు చదువుండవలెనా, అక్కరలేదా?

చరిత్రను చూచినను ఇదియే తేలును. పిచ్చివారి సంకెళ్లు విప్పించిన ఖ్యాతి లోకమున ఫ్రెంచి వైద్యుడగు పినెల్‌కు దక్కినది. కాని పారిస్ నగరమందలి బిసెత్ర్ ఆసుపత్రిలో 1797లో గొలుసులు తీయించినవాడు జాఁ బాప్తీస్త్ ప్యూసాన్ అను పర్యవేక్షకుడు. అతడు వైద్యుడు కాడు; ఒకప్పుడు ఆ యాసుపత్రిలోనే రోగిగా నుండినవాడు. భార్యతో గూడ రోగుల నడుమ జీవించి, వారి స్వభావముల నెరిగి, కొట్టుటను మాన్పించి, పిదప గొలుసులు విప్పించెను. పినెల్ తన గ్రంథమున ఆయన ప్రజ్ఞను కొనియాడెను. తరువాతి కాలమున అమెరికాలో హిల్డెగార్డ్ పెప్లా అను నర్సు, రోగికిని నర్సునకును ఏర్పడు సంబంధమే చికిత్సకు సాధనమని 1952లో గ్రంథము ప్రకటించెను. రట్‌గర్స్ విశ్వవిద్యాలయమున మానసిక నర్సింగునకు స్నాతకోత్తర విద్యను ఆ దశకముననే నెలకొల్పెను. ఆమె తయారుచేయ దలచినది రోగులకు చికిత్స చేయగల నిపుణులను. పట్టము వార్డుకొరకే పుట్టినదను సంగతి మనము మరువరాదు.

మన దేశమున ఈ విషయము ఎవరికిని తోచలేదనుట సరికాదు. 1946లో భోర్ సంఘము దేశారోగ్యమును గూర్చి నివేదిక సమర్పించినపుడు, రాంచీ ఆసుపత్రి యధికారి మూర్ టేలర్ మన పిచ్చాసుపత్రుల దైన్యమును పరిశీలించి వివరించెను. శిక్షణపొందిన సిబ్బంది కావలెననుట ఆనాడే స్పష్టమైనది. 1954లో బెంగుళూరున అఖిలభారత మానసికారోగ్య సంస్థ వెలసెను. అదియే 1974లో నిమ్‌హాన్స్ అయినది. నర్సులకు ప్రత్యేకశిక్షణ అచ్చట తొలి సంవత్సరములలోనే మొదలయ్యెను. ఇంత జరిగినను, 2001 ఆగస్టు 6న తమిళనాటి ఏర్వాడిలో గొలుసులకు కట్టబడియున్న 28 మంది మనోవ్యాధిగ్రస్తులు, పాక కంటుకొన్న మంటలనుండి పారిపోజాలక కాలి మరణించిరి. బిసెత్ర్‌లో గొలుసులు తీసిన 200 ఏండ్ల తరువాతి మాట యిది. ఆ నిర్భాగ్యులను కొనిపోయి అప్పగించినవారు శత్రువులు కారు, సొంత కుటుంబములవారే. దాపున చూపించుకొనుటకు చోటు లేక, చెప్పువారు లేక అచ్చట వదలిరి.

మన తెలుగుసీమకు వత్తము. 1997-98లో పురుగు సోకి పత్తిపంట నాశనమై, ఓరుగల్లు జిల్లాలో రైతులు వరుసగా ప్రాణములు తీసికొనిన దుర్దినములను ఈ ప్రాంతీయులెవరును మరువలేదు. ఆ మరణములకు మూలము అప్పు, నకిలీ మందులు, పడిపోయిన ధరలు. వానిని మనోవ్యాధిగా చిత్రించి పాలకుల బాధ్యతను కప్పిపుచ్చుట ఘోరమగు అన్యాయము. కాని యింకొక సంగతియు గలదు. పురుగుల మందు త్రాగినవారందరును చనిపోరు. కొందరిని ఆసుపత్రికి తెత్తురు, కడుపు కడుగుదురు, విషమునకు విరుగుడిత్తురు, నాలుగు దినములకు మనిషి లేచి కూర్చుండును, ఇంటికి పంపుదురు. అతనిని ఆసుపత్రికి దెచ్చిన దుఃఖము అతనితోనే ఇంటికి పోవును. ఆ నాలుగు రాత్రులు అతని మంచము ప్రక్క కూర్చుండి, “ఏమాయెనన్నా?” యని యడుగువారు ఎవరు? ఒకసారి ప్రయత్నించినవానికి మరల ఆ తలంపు కలుగు ప్రమాద మధికమని వైద్యశాస్త్రము ఘోషించుచున్నది. 2022లో దేశమున 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనిరని జాతీయ నేర గణాంక సంస్థ లెక్కించినది. అందెందరు అంతకుముందొకసారి ఆసుపత్రి మెట్లెక్కి దిగిపోయిరో!

ఇది దయాధర్మములకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. చట్టము విధించిన కర్తవ్యము. 2017లో పార్లమెంటు మానసికారోగ్య సంరక్షణ చట్టమును చేసెను; 2018 మే 29 నుండి అది అమలునకు వచ్చినది. ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమగు ఒత్తిడికి లోనైనవానిగా భావింపవలెననియు, మరల అట్టి యత్నము జరుగకుండ సంరక్షణ, చికిత్స, పునరావాసము కల్పించుట ప్రభుత్వము విధియనియు 115వ సెక్షను చెప్పుచున్నది. రోగిని గొలుసులతో బంధించుట, మత్తుమందు లేక విద్యుచ్చికిత్స చేయుట ఈ చట్టమున నిషిద్ధములు. ఇన్ని విధులను అనుదినము చేతలలో పెట్టవలసినవారెవరు? నర్సులే. కాని యీ చట్టమే, మానసికారోగ్య నర్సు అనగా సాధారణ నర్సింగున గాని, మానసిక నర్సింగున గాని డిప్లొమాయో, డిగ్రీయో కలిగి, రాష్ట్ర నర్సింగు మండలిలో నమోదైనవారని నిర్వచించి యూరకున్నది. నర్సుల కొరతను తలచి చట్టకర్తలు తలుపును విశాలముగా తెరచియుందురు, అందుకు తప్పుపట్టము. కాని ఆ నిర్వచనము సాకుగా, ప్రత్యేకవిద్యకు ప్రత్యేకస్థానమే అక్కరలేదని ప్రభుత్వములు తలంచినచో, చట్టము కాగితముపై నిలిచి, వార్డు పూర్వపు వార్డుగనే మిగులును.

2015లో జరిగిన సంగతి యొకటి ఈ సందర్భమున జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. తెలంగాణమున కల్తీకల్లుపై అధికారులు దాడులు చేసి దానిని అరికట్టగా, మత్తుబిళ్లల పొడికి ఏండ్ల తరబడి అలవాటుపడిన శరీరములు తాళజాలక, జనులు వింతచేష్టలు చేయుచు, మూర్ఛలు వచ్చి, లేనివి కన్నులకు కన్పించి, తండోపతండములుగ ఆసుపత్రుల పాలైరి. హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రి క్రిక్కిరిసెను. అది గాలియు కాదు, ధూళియు కాదు, బాణామతియు కాదు; మత్తు హఠాత్తుగా ఆగినందున కలిగిన వికారము. దానిని పల్లెలోనే గుర్తింపగల నర్సు మండలమున కొక్కరున్నను, ఎంతమందికో నూరుమైళ్ల ప్రయాణము తప్పియుండెడిది.

మన లెక్క మనకే తెలియదనుట మరింత విచారకరము. 2015-16 జాతీయ మానసికారోగ్య సర్వేలో, వయోజనులలో నూటికి 10.6 మంది ఏదో యొక మానసికరుగ్మతతో బాధపడుచున్నారని తేలినది. రుగ్మతనుబట్టి నూటికి 70 నుండి 92 మంది వరకు చికిత్సకే నోచుకొనలేదు. ఆ సర్వే జరిగినది 12 రాష్ట్రములలో. అందు తెలంగాణము లేదు, ఆంధ్రప్రదేశము లేదు. జిల్లా మానసికారోగ్య కార్యక్రమము 1996లో దేశమున తొలుత ఆరంభమైన నాలుగు జిల్లాలలో మన మెదకు ఒకటియై యుండగా, ముందుగా నడక నేర్చిన మనము నేడు మన రోగుల సంఖ్యనైన నెరుగకుండుట వింతయే.

ఇక భాష సంగతి. ఈ స్నాతకోత్తర విద్య సర్వము ఇంగ్లీషున సాగుచున్నది. రోగి గుండెలోని మాటయో, ఓరుగల్లు పల్లెభాష. “పానం నిమ్మళంగ లేదు”, “గుండె గుబగుబ అయితాంది”, “మనసు మనసుల లేదు” అని ఆమె చెప్పుకొనును. విషాదరోగమని గ్రంథము పేర్కొనునది ఆమె నోట తలనొప్పిగా, ఒళ్లుమంటగా, ఆకలి చచ్చుటగా వెలువడును. ఇంగ్లీషు ప్రశ్నావళిని మనసులో తర్జుమా చేసికొనుచు అడుగు నర్సునకు ఆ మాటలలోని రోగము చిక్కదు. ఇంగ్లీషు విడువుమని మేమనము. ప్రపంచ విజ్ఞానము ఆ ద్వారముననే వచ్చుచున్నది. కాని రోగితో సంభాషణ నేర్పు భాగమును తెలుగున బోధింపవలెను, తెలుగున పరీక్షింపవలెను. విద్యార్థులు పరిశోధనలకై వ్రాయు వ్యాసములు బీరువాలలో నిద్రించుటకంటె, మన జనులు తమ బాధను చెప్పుకొను మాటలను ఊరూర సేకరించి కోశముగా కూర్చినచో ఎంత ప్రయోజనము! మందులవలెనే మాటలును చికిత్సా ద్రవ్యములైన శాఖ యిది.

“పదవులు సృష్టించుటకు ధనమేది?” యని ఆర్థికశాఖవారు ప్రశ్నింతురు. కొత్తగా కట్టవలసిన భవనము లేదు. కాకతీయ వైద్యకళాశాలకు అనుబంధమైన మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి వరంగల్లున నున్నది. అందు మానసిక వైద్యశాఖ యున్నది. నర్సింగు కళాశాలలున్నవి. విశ్వవిద్యాలయమున్నది. ఉన్నవానిని కలుపు వంతెన మాత్రమే లేదు. “చదివించినచో విదేశములకు పోవుదురు” అని మరియొక యాక్షేపణ. పోవుచున్నమాట నిజమే. బ్రిటనున మానసికారోగ్య నర్సింగు తనకు తానొక ప్రత్యేకవిభాగము. నర్సుల నమోదుపట్టికలోనే దానికి వేరు స్థానము గలదు. ఇంట పీట వేయక, పొరుగింట పీట వేసినచోటికి పోయినదని బిడ్డను నిందించుటలో న్యాయమేమి?

కావున మేము కోరునవి స్వల్పములు, సాధ్యములు. జిల్లా ఆసుపత్రులందలి, బోధనాసుపత్రులందలి మానసిక వైద్యశాఖలలో స్నాతకోత్తర పట్టము గల నర్సులకు నిర్దిష్టమైన పదవుల నేర్పరచవలెను. వారిని ఇతర వార్డులకు త్రిప్పరాదు. కళాశాలలో ఈ శాఖను బోధించువారికి వారమున కొన్ని దినములు వార్డుబాధ్యత తప్పనిసరి చేయవలెను. ఆసుపత్రిలోని నిపుణులకు కళాశాలలో బోధనాధికార మొసగవలెను. ఏండ్లుగా ప్రభుత్వసేవలోనున్న నర్సులకు జీతముతో కూడిన సెలవిచ్చి ఈ విద్య చదివించి, తిరిగి ఆ శాఖలోనే నియమింపవలెను. పురుషులకును ఈ ద్వారము తెరచియుంచవలెను. మనసు విప్పి మాటాడుటకు పురుషరోగి పురుషుని కోరు సందర్భములు కలవు. విషము త్రాగి బ్రతికిన ప్రతి రోగిని ఇంటికి పంపుటకు ముందు ఇట్టి నర్సు చూచి, కుటుంబముతో మాటాడి, నెలనెల విచారించు పద్ధతి నెలకొల్పవలెను. 2022లో ఆరంభమైన టెలీమానస్ 14416 సంఖ్యకు ఫోను చేసి ఎవరైనను సలహా పొందవచ్చును. అది మేలైన యేర్పాటే. అయినను ఫోనులో వినిన గొంతునకు తోడు, తలుపు తట్టి పలుకరించు మనిషియు కావలెను.

ఈ యేర్పాటును హసన్‌పర్తి వంటి చోటనే మొదలుపెట్టి చూడవచ్చును. ఇట పట్టణమును గలదు, పల్లెయు గలదు. పత్తిచేను గలదు, పరీక్షల భయముతో నిదురలేని విద్యార్థుల వసతిగృహములును గలవు. వారమున కొక్కనాడు స్నాతకోత్తర విద్యార్థులు తమ గురువుతో కలిసి ఇచ్చటి ఆరోగ్యకేంద్రమున కూర్చుండవలెను. అర్హతగల వైద్యుని పర్యవేక్షణలో రోగులను చూచి, మందులు మానివేసినవారి యిండ్లకు పోయి, ఆశా కార్యకర్తలకు నాలుగు మాటలు నేర్పవలెను. రెండేండ్లు గడచిన పిదప ఎందరు చికిత్సలో నిలిచిరో, ఎందరు మరల విషము ముట్టక బ్రతికిరో లెక్క ప్రకటింపవలెను. ఫలితము కానరానిచో మా వాదమును మేమే ఉపసంహరించుకొందుము.

సేవాగ్రామమున కుష్ఠురోగపీడితుడైన సంస్కృతపండితుడు పర్చూరె శాస్త్రికి మహాత్ముడు స్వహస్తములతో పరిచర్య చేసెను. దేశవ్యవహారములు నెత్తిమీద నుండగా ఆయన ఆ పనికి ప్రతిదినము వేళ చూచుకొనెను. పరిచర్యను చిన్నపనిగా ఎంచు అలవాటును ఆయన ఆచరణచే ఖండించెను. ఆయన పేరుగల ఆసుపత్రి వరంగల్లున నున్నది. కాళోజీ పేరుగల విశ్వవిద్యాలయమును అచ్చటనే యున్నది. ఆ విశ్వవిద్యాలయము పట్టమిచ్చిన నర్సు ఆ యాసుపత్రిలో తాను నేర్చినపనినే చేయుటకు మన కడ్డు వచ్చుచున్నది ఒక్క ప్రభుత్వోత్తరువు లేకపోవుటయే. రాష్ట్ర ప్రభుత్వము ఆ యుత్తరువును జాగుచేయక వెలువరించుగాక.